ఆ సార్ సబ్జెక్ట్ పెట్టాలా... వద్దా?

‘‘అన్నయ్యా, రాత్రి ఎనిమిదిలోపు గూగుల్ ఫారం నింపెయ్యాలి. ఆ మేడమ్ సబ్జెక్ట్ పెట్టమంటావా, వద్దంటావా? బేగి చెప్పు!’’

మొన్న శనివారం కంచరపాలెం రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటుంటే మా చిన్నాన్న కూతురి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. ఎలెక్టివ్ ఎంచుకోవాలి. తనకి నచ్చిన సబ్జెక్ట్ చెప్పేది కాలేజ్ మొత్తం హడలిపోయే మేడమ్. పక్క సబ్జెక్ట్ చెప్పే సారేమో అడక్కుండానే మార్కులేసే దేవుడు. క్లాస్ గ్రూప్‌లో సగం మంది అప్పుడే దేవుడి వైపు వెళ్లిపోయారట.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకసారి నా కోసం నేనే వేసుకున్నాను. ఇంకోసారి వేరేవాళ్లకి సమాధానం చెప్పాను. మొదటిసారి బాగానే బయటపడ్డాను. రెండోసారి నా మాట విన్న కుర్రాడికి ఒక ఏడాది పోయింది. అందుకే ఈసారి వాయిస్ మెసేజ్‌లో ‘పెట్టెయ్’ అనో, ‘వద్దులే’ అనో ఒక్క ముక్కలో తేల్చలేకపోయాను.

రెడ్ పెన్ సార్

మాది కంచరపాలెం. సినిమా వచ్చాక ఊరి పేరు చెబితే అందరూ నవ్వుతూ ‘ఓ... కేరాఫ్!’ అంటున్నారు గానీ, మాకు కంచరపాలెం అంటే పొద్దున్నే యూనిఫాం వేసుకుని బయల్దేరే నాన్నలు. పోర్టుకో, రైల్వేకో, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కో. ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ కూడా ఇక్కడే ఉండటంతో చదువుకునే కుర్రాళ్లతో బస్టాపులు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. మా నాన్న లేత్ మిషన్ మీద పని చేసేవారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరడానికి అదే కారణం.

మూడో ఏడాదిలో మాకూ ఎలెక్టివ్ వచ్చింది. అప్పుడు గూగుల్ ఫారం లేదు. సీఆర్ ఒక తెల్లకాగితం మీద రెండు గడులు గీసి బెంచీల మీదుగా పంపాడు. ఒక గడిలో ఆటోమొబైల్ ఇంజనీరింగ్. రెండో గడిలో ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్స్. ఒక దూలాన్నో, ఇంజిన్ భాగాన్నో చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుని, ఏ ముక్క మీద ఎంత బలం పడుతుందో మ్యాట్రిక్సులతో లెక్కగట్టే సబ్జెక్ట్ అది. దాన్ని చెప్పేది ‘రెడ్ పెన్ సార్’. ఆయన దిద్దిన పేపర్ చూస్తే మనం రాసిన నీలం కన్నా ఆయన రాసిన ఎరుపే ఎక్కువ కనిపించేది.

కాగితం నా దగ్గరికి వచ్చేసరికి ఆటోమొబైల్ గడి నిండిపోయి, పేర్లు మార్జిన్‌లోకి పాకేశాయి. రెండో గడిలో నాలుగు పేర్లున్నాయి. నాకు డిజైన్ ఉద్యోగం మీద ఆశ. దానికి పనికొచ్చేది రెండో గడే. కానీ చెయ్యి ఆడలేదు. కాగితాన్ని అలాగే పక్కవాడికి తోసేసి, ‘రేపు చెప్తాను మావా’ అన్నాను.

సీనియర్ చెప్పేది ఎంత నిజం?

ఆ సాయంత్రం మెట్టు దగ్గర టీ కొట్టులో ఇద్దరు సీనియర్లను అడిగాను.

మొదటి అన్న ‘‘బతుకు మీద ఆశుంటే ఆ పక్కకి పోకు గురూ. నన్ను రెండుసార్లు తొక్కేశాడు’’ అన్నాడు. రెండో అన్న పుణెలో డిజైన్ ఉద్యోగంలో ఉండి సెలవులకి వచ్చాడు. ‘‘తిడతాడురా. కానీ ఆయనిచ్చిన అసైన్‌మెంట్ల గురించే నేను ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడాను’’ అన్నాడు.

ఒకే సార్, ఒకే సబ్జెక్ట్. మాటలు మాత్రం రెండు. ఎవర్ని నమ్మాలి? టీ తాగుతూ ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే విషయం బయటపడింది. మొదటి అన్న సగం క్లాసులకి కూడా వెళ్లలేదు. రెండో అన్న మ్యాథ్స్‌లో మొదట్నుంచీ దిట్ట. అంటే ఇద్దరూ సార్ గురించి చెబుతున్నామనుకుంటూ సగం తమ గురించే చెప్పారన్నమాట.

అమెరికాలో ప్రొఫెసర్లకి రేటింగ్ ఇవ్వడానికి 1999లోనే ఒక వెబ్‌సైట్ పుట్టింది. పేరు ‘రేట్ మై ప్రొఫెసర్స్’. మనకి ఆ పని వాట్సాప్ గ్రూపులూ, టీ కొట్లూ చేస్తాయి. రెండు చోట్లా చిక్కు ఒక్కటే. బాగా కోపమొచ్చినవాళ్లూ, బాగా నచ్చినవాళ్లూ గట్టిగా మాట్లాడతారు. మామూలుగా చదివి మామూలుగా పాసైనవాడు ఏమీ మాట్లాడడు. మనకి కావాల్సింది నిజానికి వాడి మాటే. అందుకే ‘ఆ సార్ ఎలాంటోడు?’ అని అడిగి ఊరుకోకండి. ‘నీకు అటెండెన్స్ ఎంత? అంతకుముందు మ్యాథ్స్‌లో ఎన్నొచ్చాయి? డౌట్ అడిగితే ఆయన ఏమన్నాడు?’ అని కూడా అడగండి.

నేను మర్నాడు ఇంకో పని చేశాను. ధైర్యం కూడగట్టుకుని నేరుగా సార్ గదికే వెళ్లాను. ‘‘సార్, నాకు మ్యాథ్స్ అంతంతమాత్రం. మీ సబ్జెక్ట్ చెయ్యగలనా?’’ అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా ఒక మ్యాట్రిక్స్ రాసిచ్చి ఇన్వర్స్ కట్టమన్నారు. తప్పు కట్టాను. ఎర్ర పెన్ను తీసి, తప్పెక్కడుందో సున్నా చుట్టి చూపించారు. ‘‘క్లాసులు మొదలవడానికి రెండు వారాలుంది. ఈలోగా ఇది నేర్చుకుని రా. రాకపోతే కష్టపడతావు’’ అన్నారు. నవ్వలేదు, కసరలేదు. గదిలోంచి బయటికొచ్చాక భయం తగ్గలేదు గానీ, దేనికి భయపడాలో తెలిసింది. సార్‌కి కాదు, మ్యాట్రిక్సులకి.

రెండో గడిలో నా పేరు రాశాను.

మార్కుల లెక్క ఇదీ

భయాన్ని కాసేపు పక్కనపెట్టి లెక్క చూద్దాం. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మా కాలేజ్‌లో సబ్జెక్ట్‌కి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. పాసవ్వాలంటే రెండు షరతులు. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే కనీసం 25 రావాలి. రెండూ కలిపి కనీసం 40 రావాలి.

ఇప్పుడు చూడండి. చేతికి ఎముక లేని సార్ ఇంటర్నల్ 26 వేశాడనుకోండి. 40కి ఇంకా 14 చాలు కదా అనిపిస్తుంది. కానీ ఎక్స్‌టర్నల్‌లో 25 రాకపోతే ఫెయిలే. పిసినారి సార్ 12 వేశాడనుకోండి. అప్పుడు ఎక్స్‌టర్నల్‌లో 28 కావాలి. అంటే కాలేజ్ అంతా భయపడే సార్‌కీ, అందరూ దండం పెట్టే సార్‌కీ మధ్య పాస్ మార్కుల తేడా మూడంటే మూడు! పైగా ఆ 70 మార్కుల పేపర్ దిద్దేది మన సార్ అని కూడా లేదు.

అయితే ఇది పాసవ్వడం వరకే. సీజీపీఏ దగ్గర కథ మారుతుంది. 26కీ 12కీ తేడా 14 మార్కులు. ఒక గ్రేడ్ కిందికి జారిపోవచ్చు. క్యాంపస్ ఇంటర్వ్యూకి కటాఫ్ అంచున ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు. అటానమస్ కాలేజ్ అయితే పరీక్ష మొత్తం కాలేజ్ చేతుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క వేరేలా ఉండొచ్చు. మీ రెగ్యులేషన్ బుక్ ఒకసారి తెరవండి. చాలామంది డిగ్రీ పట్టా చేతికొచ్చేదాకా అది తెరవరు.

ఇక పాలిటెక్నిక్ తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఈ గొడవ ఇంకోలా ఉంటుంది. సిలబస్ బోర్డుది, సబ్జెక్ట్‌లు బోర్డువి, ప్రధాన పరీక్షా బోర్డుదే. సార్‌ని ఎంచుకునే అవకాశం దాదాపు ఉండదు. అక్కడ ‘తప్పించుకోవడం’ అంటే క్లాస్ ఎగ్గొట్టడమే. అది అటెండెన్స్‌కి చిల్లు పెడుతుంది తప్ప సార్‌కి ఏమీ కాదు.

సులువుగా వచ్చిన మార్కులు తర్వాత ఏమయ్యాయి?

కష్టమైన టీచర్ దగ్గర నిజంగా ఎక్కువ నేర్చుకుంటామా, లేక అది పెద్దవాళ్ల సుద్దులేనా? దీన్ని తేల్చడం కష్టం. ఎందుకంటే మామూలుగా తెలివైనవాళ్లే కష్టమైన సార్‌ని ఎంచుకుంటారు. తర్వాత వాళ్లు బాగా చేస్తే అది సార్ గొప్పా, వాళ్ల గొప్పా?

ఈ చిక్కు లేని చోటు ఒకటి దొరికింది. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అక్కడ ఏ విద్యార్థి ఏ టీచర్ దగ్గర పడాలో లాటరీ లాంటి పద్ధతిలో నిర్ణయమవుతుంది. అందరికీ ఒకే సిలబస్, ఒకే పరీక్ష. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి పది వేల మందికి పైగా విద్యార్థుల మార్కులు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. అనుభవం తక్కువున్న టీచర్ల దగ్గర చదివినవాళ్లకి మొదటి క్యాలిక్యులస్ కోర్సులో మార్కులు బాగా వచ్చాయి. ఆ టీచర్లకి విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ కూడా బాగుంది. అనుభవజ్ఞుల దగ్గర చదివినవాళ్లకి అప్పుడు మార్కులు తగ్గాయి. కానీ ఆ తర్వాత వచ్చే పై కోర్సుల్లో వీళ్లే ముందున్నారు.

కాబట్టి ఆ సబ్జెక్ట్ మీద ఇంకో సబ్జెక్ట్ నిలబడేటట్టయితే గట్టి సార్ వైపు మొగ్గడమే మేలు. దాంతో మనకి మళ్లీ పని పడదనుకుంటే అంత పట్టుదల అక్కర్లేదు.

దీనికి రెండో వైపూ ఉంది. 2022లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పే మెయిట్‌ల్యాండ్ జోన్స్ మీద 350 మంది క్లాస్‌లో 82 మంది సంతకాలు చేసి ఫిర్యాదు ఇచ్చారు. ఆయన ఆ సబ్జెక్ట్‌లో పేరున్న పాఠ్యపుస్తకం రాసిన మనిషి, వయసు 84. విద్యార్థులు ఆయన్ని తీసెయ్యమని అడగలేదు. కష్టపడినా మార్కులు రావట్లేదు, తగినంత సాయం అందట్లేదు అన్నారు. యూనివర్సిటీ మాత్రం ఆయన కాంట్రాక్ట్‌నే రద్దు చేసింది. కోవిడ్ తర్వాత పిల్లలకి ఏకాగ్రత తగ్గిందన్నది ఆయన వాదన. ఎవరిది తప్పని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ విద్యార్థులు అడిగిన మాట గుర్తుండిపోయింది. పరీక్ష కష్టంగా ఉంటే ఉండనీ, దాన్ని దాటడానికి చెయ్యి ఇచ్చారా, లేదా?

నా సలహా ఒకరి కొంప ముంచింది

రెడ్ పెన్ సార్ దగ్గర నాకు ఇంటర్నల్ 14 వచ్చింది. ఎక్స్‌టర్నల్ 46. మొత్తం 60. ఆటోమొబైల్ తీసుకున్న నా ఫ్రెండ్స్‌కి 80 పైన వచ్చాయి. తర్వాత ఒక ఇంటర్వ్యూలో స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ గురించి అడిగితే నోరు పెగిలింది. ఉద్యోగం ఆ ఒక్క సబ్జెక్ట్ వల్లే వచ్చిందని చెప్పను గానీ, ఆ రోజు తల దించుకోకుండా కూర్చున్నాను.

దాంతో నాకు కాస్త కొమ్ములొచ్చాయి. కనపడిన జూనియర్లందరికీ ‘స్ట్రిక్ట్ సార్ల దగ్గరే చదువొస్తుందిరా’ అని ఉపదేశాలు మొదలుపెట్టాను.

మా వీధి కుర్రాడొకడు వేరే కాలేజ్‌లో చదివేవాడు. వాళ్లమ్మ ఇడ్లీ బండి పెట్టి చదివించేది. ప్రాజెక్ట్ గైడ్‌గా పడిన సార్ బాగా గట్టివాడనీ, మార్చుకోవడానికి వారం గడువుందనీ చెప్పి, ‘‘ఏటి చెయ్యమంటావన్నా?’’ అని అడిగాడు. ‘‘పారిపోవద్దురా. రెండు నెలలు ఓర్చుకో, తర్వాత నువ్వే థాంక్స్ చెప్తావు’’ అన్నాను. ఆ సార్ గట్టితనం ఏ రకమో అడగలేదు. అదీ నా తప్పు.

ఆ సార్ తప్పు చూపించే రకం కాదు. మనిషిని చూపించే రకం. వాడి ఇంగ్లిష్‌ని క్లాస్ ముందు వెక్కిరించేవాడట. వేసుకున్న చెప్పుల్ని చూపించి నవ్వించేవాడట. ‘మీ ఏరియా వాళ్లకి డిగ్రీలెందుకు?’ అన్నాడట. వాడు ఇంట్లో కాలేజ్‌కని చెప్పి బయల్దేరి, రైల్వే స్టేషన్‌లో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవాడు. అటెండెన్స్ 65 కిందికి పడిపోయింది. డిటైన్. ఆ ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ పోయింది. మళ్లీ చేరడానికి వాళ్లమ్మ చెవులవి తాకట్టు పెట్టింది.

విషయం తెలిసి వెళ్తే వాడు కోప్పడలేదు. ‘‘నువ్వే కదన్నా, పారిపోవద్దన్నావు’’ అన్నాడు. అంతే. ఏడాది ఆలస్యంగా పూర్తిచేసి ఇప్పుడు ఫ్యాబ్రికేషన్ యార్డులో పనిచేస్తున్నాడు. ఎదురైతే పలకరిస్తాడు. నాకే మాట తడబడుతుంది.

ఆ రాత్రి నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన తన పాత రోజుల సంగతి చెప్పారు. ‘‘కుర్రతనంలో నాకిద్దరు మేస్త్రీలు. ఒకాయన కొలత ఇసుమంత తేడా వచ్చినా ముక్క విసిరికొట్టి, మళ్లీ మిషన్ దగ్గరికొచ్చి పక్కన నిలబడి చేయించేవాడు. రెండోవాడు ముక్క చూసేవాడే కాదు, అమ్మనీ అయ్యనీ తిట్టేవాడు. మొదటాయన దగ్గర పని నేర్చుకున్నాను. రెండోవాడి దగ్గర ఆర్నెల్లుండి వచ్చేశాను. రాకపోతే నాకు పనంటేనే అసహ్యం పుట్టేది’’ అన్నారు.

మా నాన్న కూడా ఒకచోటి నుంచి తప్పుకున్నారని నాకు అప్పుడే తెలిసింది.

అవమానాన్ని ఓర్చుకోవక్కర్లేదు

మార్కులు తక్కువేసే సార్ మీద ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ ఉండదు. కానీ కులాన్నో, ఊరినో, బట్టలనో పట్టుకుని అవమానిస్తే, కావాలని మార్కులు కోస్తే దారి ఉంది. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజ్‌లోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో కనీసం ఒక మహిళ ఉండాలి, విద్యార్థి ప్రతినిధికీ చోటు ఉంటుంది. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. ఏ రోజు, ఏ క్లాస్‌లో, ఎవరి ముందు, ఏమన్నారో ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. తర్వాత అదే ఆధారం. మనసు మరీ కుంగిపోతుంటే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

సబ్జెక్ట్ కావాలి, ఆ సార్ మాత్రం వద్దనుకుంటే ఇంకో దారి స్వయం, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివే వీలు యూజీసీ 2021లో కల్పించింది. ఎన్‌పీటెల్‌లో సాధారణంగా వారం వారం అసైన్‌మెంట్లకి 25 శాతం, చివరి పరీక్షకి 75 శాతం. పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. అయితే మీ కాలేజ్ ఏ కోర్సుకి క్రెడిట్ ఇస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. పాసయ్యాక ‘ఇది చెల్లదు’ అంటే మొదటికే మోసం.

ఇంతకీ చెల్లెలికి ఏం చెప్పాను?

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. సలహా ఇవ్వలేదు. నాలుగే ప్రశ్నలు అడిగాను.

‘‘ఆ మేడమ్ తిట్టేది తప్పునా, మనిషినా?’’ ‘‘తప్పునే అన్నయ్యా. డౌట్లకి లంచ్ టైమ్‌లో కూడా రమ్మంటారంట.’’

‘‘ఆ సబ్జెక్ట్‌కి కావాల్సిన బేస్ నీకుందా?’’ ‘‘సిగ్నల్స్ ఉండాలి. అదే నాకు బ్యాక్‌లాగ్ కదా...’’

‘‘తర్వాత దాంతో పనుందా?’’ ‘‘నేను సాఫ్ట్‌వేర్ వైపు వెళ్దామనుకుంటున్నాను.’’

‘‘ఈ సెమిస్టర్‌లో ఇంకేం బరువులున్నాయి?’’ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘బ్యాక్‌లాగ్ ఉంది, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఉంది. అమ్మకి ఒంట్లో బాగోట్లేదు, పొద్దున్న వంట నేనే చేస్తున్నాను’’ అంది.

ఆ చివరి మాట నాకు అంతవరకూ తెలీదు. నేను పాత అలవాటుకొద్దీ ‘పెట్టెయ్, ధైర్యంగా ఉండు’ అనేసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా మెసేజ్ వచ్చింది: ‘‘వేరేది పెట్టేశాను అన్నయ్యా. కానీ సోమవారం నుంచి లంచ్‌లో మేడమ్ దగ్గరికి వెళ్తాను. సిగ్నల్స్ కూడా ఆవిడే బాగా చెప్తారంట. అడిగితే చెప్తారు కదా?’’

‘అడుగు, చెప్తారు’ అని రాశాను. సోమవారం మధ్యాహ్నం ఒక ఫొటో పంపింది. నోట్‌బుక్ పేజీ. నిండా ఎర్ర గీతలు. కింద మేడమ్ చేతిరాత: ‘రేపు మళ్లీ చేసి తీసుకురా.’